పన్నెండు పాయింట్లు తెచ్చినవాడు మంచి రైడరేనా?

సంక్రాంతి కబడ్డీ టోర్నీలకు జట్టు కట్టేటప్పుడు మన గుంటూరు, కృష్ణా ఊళ్ళలో ముందు వినపడే మాట ఒకటే: "వాడు మ్యాచ్‌కి ఎన్ని తెస్తాడ్రా?" పన్నెండంటే తీసుకుంటారు, ఐదంటే పక్కన పెడతారు. ఆ లెక్కతోనే సెమీస్ దాకా లాక్కొచ్చి, అక్కడ చిత్తుగా ఓడి, తప్పంతా పట్టేవాళ్ళ మీదకు నెట్టేయడం మామూలైపోయింది. రైడర్‌ని, అంటే కూతకెళ్ళేవాణ్ణి, తూచేటప్పుడు వాడు తెచ్చిన పాయింట్ల కంటే ముందు వాడు బయట కూర్చున్న టైం చూడాలంటాను నేను.

సీనియర్ మగవాళ్ళ మ్యాచ్ ఇరవై, ఇరవై నిమిషాల రెండు భాగాలు. కూతకు 30 సెకన్లు. అంటే ఒక్కో జట్టుకు నలభైకి అటూ ఇటూగా కూతలొస్తాయి. ఇద్దరు రైడర్లు చెరో ఇరవై కూతలకు వెళ్ళారనుకుందాం. మొదటివాడు పది పాయింట్లు తెచ్చి ఎనిమిదిసార్లు పట్టుబడ్డాడు. రెండోవాడు ఏడే తెచ్చాడు, రెండుసార్లే పట్టుబడ్డాడు, మిగతావి ఖాళీ కూతలు. ఊళ్ళో పేరు మొదటివాడిదే. కానీ పట్టుబడ్డ ప్రతిసారీ అవతలికి పాయింట్ పోతుంది కాబట్టి వాడి మిగులు రెండే, రెండోవాడిది ఐదు. పైగా మొదటివాడు ఎనిమిదిసార్లు బయటికెళ్ళి, ఎవరో ఒకరు బతికించేదాకా గీత అవతల కూర్చున్నాడు. ఆ టైంలో కూతకు ఎవరెళ్ళారు, ఏం తెచ్చారు అన్నది వాడి ఖాతాలో ఎవరూ రాయరు.

ఇక్కడే రెండు రూల్స్ గుర్తుంచుకోవాలి. బయటికెళ్ళినవాళ్ళు వెళ్ళిన వరసలోనే లోపలికొస్తారు. మెయిన్ రైడర్ మూడోవాడిగా ఔటైతే ముందున్న ఇద్దరూ వచ్చాకే వాడి వంతు. రెండోది, అవతల లోపలున్న బోనస్ లైన్ దాటితే వచ్చే బోనస్ పాయింట్‌కి ఎవరూ బతకరు. టచ్‌కో, పట్టుకో మాత్రమే మనవాడు లోపలికొస్తాడు. కాబట్టి ఐదు పాయింట్లలో నాలుగు బోనస్‌లున్న రైడర్ స్కోరు బోర్డుకి పనికొస్తాడు గానీ బయట కూర్చున్నవాళ్ళకి కాదు. పైగా అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ ఉంటుంది, ఐదుగురికి పడిపోతే ఆ తలుపు మూసేసినట్టే. బోనస్ కొట్టి పట్టుబడితే చెరో పాయింట్, స్కోరు సమానమే అనిపిస్తుంది. మన మనిషి బయట, వాళ్ళ మనిషి లోపల. అది సమానమెలా అవుతుంది?

అందుకని ఒక నోటు పుస్తకంలో ప్రతి కూతకూ ఒక వరస రాయండి. ఐదు గడులు చాలు: అవతల ఎంతమంది ఉన్నారు, ఏ వైపు నుంచి వెళ్ళాడు, ఏమైంది, పట్టుబడితే ఏ పట్టులో, ఆ టైంలో మనవాళ్ళు బయట ఎంతమంది. ఏమైందన్న గడిలో టచ్‌కి ట, బోనస్‌కి బో, ఖాళీకి ఖా, పట్టుబడితే ప. రాసేవాడే వీడియో తీయాలంటే కుదరదు, ఇంకొకడు కావాలి. ఫోన్‌ని ఎండ్ లైన్ వెనక ఎత్తులో పెట్టించండి, పక్క నుంచి తీస్తే మనుషులు ఒకరికొకరు అడ్డమొచ్చి కాళ్ళు కనపడవు. మనకు కావాల్సినవి కాళ్ళే. నాలుగైదు మ్యాచ్‌లు రాస్తే చాలు, ఎవరెంతో తెలిసిపోతుంది. ఒక్క మ్యాచ్ చూసి మాత్రం ఎవర్నీ తీసుకోవద్దు, వదులుకోవద్దు.

ఇక కాళ్ళ సంగతి. మధ్య గీత నుంచి రైడర్ దాటాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కణ్ణుంచి బోనస్ లైన్ ఇంకో మీటరు. బోనస్ రావాలంటే ముందు కాలు గీత దాటి పడిన క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. వీడియో ఆపి అక్కడ చూడండి. చాలామంది కుర్రాళ్ళ వెనక కాలి బొటనవేలు నేలను రాస్తూనే ఉంటుంది. ఊరి టోర్నీలో అంపైర్ చూసీచూడనట్టు ఇచ్చేస్తాడు, పెద్ద మ్యాచ్‌లో ఇవ్వరు. ఆ తర్వాత ముందు కాలు ఎలా పడిందో చూడాలి. మునివేళ్ళ మీద పడితే అదే ఊపులో వెనక్కి తన్నుకోవచ్చు. మడమ పడిందా, ఒంటి బరువంతా ముందుకొచ్చేసి అర సెకను అక్కడే అతుక్కుపోతాడు. అంచున నిలబడి కాళ్ళు పట్టే కార్నర్ ఎదురుచూసేది ఆ అర సెకను కోసమే, చీలమండ దొరికిపోతుంది.

దొరికాక ఏమవుతుందో కొలిచి చూద్దాం. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి చేతులు చాచి బోర్లా పడితే కాలి దగ్గర్నుంచి వేలి కొస దాకా రెండుంపావు మీటర్లకు కాస్త అటూ ఇటూ. బోనస్ లైన్ మీద కాలు పట్టుకుంటే మధ్య గీత 4.75 మీటర్ల దూరం. ఎంత సాగినా ఇంకా రెండున్నర మీటర్లు మిగులుతుంది, అంత దూరం మనిషిని ఈడ్చుకుంటూ రావడం ఎవరివల్లా కాదు. అదే బాక్ లైన్ మీద దొరికితే మిగిలేది ఒకటిన్నర మీటరు, రెండు దూకుళ్ళకు అందొచ్చు. అందుకే "బలంగా లాక్కొస్తాడు" అని పేరున్నవాడు ఎక్కడ దొరికి లాక్కొచ్చాడో పుస్తకంలో ఉండాలి. బాక్ లైన్ దగ్గర లాక్కొచ్చే బలం బోనస్ లైన్ దగ్గర పనిచెయ్యదు.

ఎటు నుంచి వెళ్తాడన్న గడి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కుడి కాలు ముందు పెట్టి ఒకే వైపు వెళ్ళొచ్చే రైడర్‌ని తెలివైన డిఫెన్స్ మొదటి పది నిమిషాల్లోనే చదివేస్తుంది. కార్నర్ ఒక అడుగు వెనక్కి, వాడి పక్కనుండే ఇన్ ఆటగాడు అర అడుగు లోపలికి జరుగుతారు, అంతే. వాణ్ణి ప్రాక్టీసులో రెండో వైపు నుంచి పది కూతలకు పంపండి. కాలు మార్చుకోలేక తడబడితే మొదటి భాగంలో వచ్చే పాయింట్లు రెండో భాగంలో ఎందుకు రావడం లేదో తెలిసిపోతుంది. పరిగెత్తుతూ చేత్తో తాకే రన్నింగ్ హ్యాండ్ టచ్ కొట్టేవాళ్ళలో ఇంకో జబ్బు: ఊపులో కోర్టు పక్క పట్టీ, అంటే లాబీలోకి అడుగు పెట్టేయడం. టచ్ అవకుండా లాబీ తొక్కితే ఎవరూ పట్టకుండానే ఔట్. ఇది అలవాటున్న రైడర్ డూ ఆర్ డైలో భయంకరమైన ప్రమాదం.

డూ ఆర్ డై అంటే వరసగా రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే మూడోది, ఖాళీగా వస్తే ఔటే. ఇక్కడ ధైర్యం కంటే ఓపిక కావాలి. మొదటి పదిహేను సెకన్లు డిఫెన్స్‌ని కదిలించి, ఎవరి కాలు ముందుకొచ్చిందో చూసి, ఆ తర్వాత దిగేవాడు నయం. వెళ్ళీవెళ్ళగానే చెయ్యి విసిరేవాడి గురించి పుస్తకం చూడండి, 'ప' అక్షరమే ఎక్కువుంటుంది. అవతల ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలితే సూపర్ ట్యాకిల్ ఉంటుంది, పట్టుబడితే రెండు పాయింట్లు పోతాయి. ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కుర్రాళ్ళకు ఉత్సాహం వస్తుంది. అవతలి జట్టంతా ఔటై లోనా వస్తుందన్న ఆశతో లోపలిదాకా వెళ్ళి చిక్కుకుంటారు. ఎదురొచ్చినవాణ్ణి చేత్తో తాకి వెనక్కి పారిపోయేవాడే అక్కడ మంచి రైడర్, చూడ్డానికి అందంగా లేకపోయినా సరే.

పట్టేవాళ్ళ చేతుల కింద నుంచి దూరిపోయే డుబ్కీ గురించి ఒక మాట. ప్రో కబడ్డీ రైడర్ పర్‌దీప్ నర్వాల్ పుణ్యమా అని ఇప్పుడు ప్రతి కుర్రాడికీ డుబ్కీ కావాలి. 2017లో హర్యానా స్టీలర్స్ మీద అతను ఒకే కూతలో ఎనిమిది పాయింట్లు తెచ్చాడు నిజమే. కానీ చేతులు పట్టుకుని నిలబడే చైన్ నిటారుగా నిలబడి పైకి వస్తేనే కింద సందు ఉంటుంది. ముందే మోకాళ్ళు వంచి కూర్చున్న చైన్ కిందకు తల పెడితే వీపు మీద ముగ్గురు పడతారు. మట్టి కోర్టులో మోకాళ్ళ తోలు లేవడం అదనం.

ఒక్క రైడర్‌తో జట్టు నిలబడదనడానికి ప్రో కబడ్డీలో మన జట్టు తెలుగు టైటాన్సే సాక్ష్యం. 2019లో బెంగళూరు బుల్స్ తరఫున ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తెచ్చిన పవన్ సెహ్రావత్‌ని 2023లో 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. ఆ సీజన్ పట్టికలో టైటాన్స్ అట్టడుగునే ఉన్నారు. పవన్ ఆడలేదని ఎవరూ అనలేరు. వాడు బయట ఉన్నప్పుడు వాణ్ణి లోపలికి తెచ్చేవాడు జట్టులో ఉండాలి, రైడర్ల కలయికంటే అదే. నా లెక్కలో మెయిన్ రైడర్‌కి సగం కూతలు, రెండోవాడికి మూడో వంతు, మిగతావి మూడోవాడికి. ఈ మూడోవాడిలో బోనస్ చూడొద్దు, టచ్ చూడండి, దాంతోపాటు కోర్టు మధ్య వైపు, అంటే కవర్‌లో నిలబడి పట్టగలడా అని చూడండి. మొదటి ఇద్దరూ ఒకే వైపు నుంచి వెళ్ళేవాళ్ళైతే అవతలి జట్టులో ఒక కార్నర్ మ్యాచంతా విశ్రాంతి తీసుకుంటాడు. అలాంటప్పుడు పేరు కాస్త తక్కువైనా రెండో వైపు నుంచి వెళ్ళేవాణ్ణే తీసుకుంటాను.

బరువు విషయం తేలిగ్గా దాటేస్తారు. సీనియర్ మగవాళ్ళకు 85 కిలోల పరిమితి ఉంది, ఊరి టోర్నీల్లో నిర్వాహకులు తమకు తోచింది పెడతారు. రెండు కిలోలు దించడానికి తూకం ముందు రోజంతా నీళ్ళు మానేసిన రైడర్‌కి రెండో భాగంలో పిక్కలు పట్టేస్తాయి. పుస్తకంలో చివరి ఐదు నిమిషాల కూతలు విడిగా చూస్తే ఇది తెలిసిపోతుంది: కూత మధ్యలో తెగడం, బాక్ లైన్ దాకా వెళ్ళి ఊరికే తిరిగొచ్చేయడం.

పండగ రోజుల్లో రాత్రి లైట్ల కింద ఆడే మ్యాచ్‌లకు ఇంకో చిక్కుంది. తొమ్మిది దాటాక మంచు పడి మ్యాట్ తడుస్తుంది, దానికి చెమట తోడు. పరుగు మీద ఆధారపడే రైడర్ మలుపు తిరిగేచోట జారతాడు, నిలబడి కాలితో ఆడేవాడికి అంత ఇబ్బంది ఉండదు. ఆ మ్యాచ్‌కి కూతల వాటా మార్చుకోవాల్సిందే. బెంచీ మీద ఐదుగురికి చోటుంది కదా, అందులో ఒక్కడైనా కాలి వేళ్ళతో తాకే టో టచ్ ఆడే రైడర్ ఉండేలా చూసుకోండి. మ్యాట్ తుడవడానికి రెండు పొడి తువ్వాళ్ళు కూడా మీవే తీసుకెళ్ళండి, నిర్వాహకుల దగ్గర ఉండవు.