దాళ్వా గడ్డి అట్టయిన చోట

ఏప్రిల్ చివర్లో రాజమండ్రిలో దిగి మండపేట బస్సెక్కాను. కడియం నర్సరీలు దాటాక రెండు పక్కలా దాళ్వా కోతలే, అంటే రెండో పంట వరి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లతో పచ్చబడ్డ నేల ఇది. అలాంటి చేలల్లో అక్కడక్కడా పొగ లేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మిషన్ కోసి వదిలేసిన గడ్డిని తగలబెడుతున్నారు.

స్నేహితురాలి పిన్నిగారు రిటైరైన సైన్సు టీచరు. పశువుల పాకలో వరిగడ్డితో అట్టలు చేస్తున్నారని విని, అది చూడ్డానికే వెళ్లాను.

"ఒక్క అగ్గిపుల్లతో గడ్డిలో ఉన్న నత్రజనంతా గాల్లో కలిసిపోద్దమ్మా. మళ్లీ బస్తాలకి బస్తాలు యూరియా కొనుక్కోవాలి" అన్నారావిడ, కాఫీ చేతికిస్తూనే.

రాత్రంతా నానిన గడ్డిని పొద్దున్నే పెద్ద కాగులో వేశారు. పది కిలోల గడ్డికి కిలో సున్నం. పుల్లల మంట మీద మధ్యాహ్నం దాకా ఉడికింది. గడ్డిలో నారపోగుల్ని పట్టి ఉంచే బంక లిగ్నిన్. సున్నం తగిలితే ఆ పట్టు సడలుతుంది. మూత తీస్తే తడిసిన గడ్డిమేటు వాసనకి ఘాటు తోడైనట్టుంది. కడిగిన నీళ్లు కాలవలోకి పోనివ్వరు. గోతిలో నిలవ ఉంచి తేరనిస్తారు. దిగువన చేపల చెరువులున్నాయి మరి.

తర్వాత రుబ్బురోలు. ముద్ద పసుపుపచ్చగా, నానిన అటుకుల్లా ఉంది. పిసికి చూస్తే అరచేయి గీరుకుంది. వరి నేలలోంచి పీల్చుకున్న సిలికా అది, ఇసుకలో ఉండే పదార్థమే. పెద్ద కాగితం మిల్లులు వరిగడ్డికి వెనకాడేదీ దీనివల్లే. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే సిలికా కూడా కరుగుతుంది. సోడాని తిరిగి రాబట్టుకోడానికి ఆ నల్లటి ద్రావణాన్ని కాచేటప్పుడు గొట్టాల లోపల పొలుసులా పేరుకుపోతుంది. సున్నంతో చేసే ముతక అట్టకి ఆ బాధ లేదు.

ఇంకో చిక్కుంది. వరిగడ్డి పోగు మరీ పొట్టి, మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అట్ట మడిస్తే పుటుక్కుమంటుంది. అందుకే రావులపాలెం వైపు నుంచి తెప్పించిన అరటినారని సన్నగా తరిగి కలుపుతారు. గెల కొట్టాక గట్టున పారేసే బోదెల్లోంచి తీసిన నారే. నేను జల్లెడతో ఎత్తిన మొదటి అట్ట, నార సరిగ్గా కలపక, గుడ్డ మీదకి దించుతుండగానే చిరిగింది. రెండోది నిలిచింది. దాన్ని బండ కింద నొక్కి ఎండలో పెట్టాం.

అది ఎండేలోపు బాబాయిగారు సార్వా గడ్డి, అంటే తొలి పంటది, తెచ్చి వెంటి పేని చూపించారు. రెండు అరచేతుల మధ్య గడ్డి తాడై సాగుతోంటే కన్ను తిప్పుకోలేకపోయాను. ఈ వెంటితోనే చుట్టి, ధాన్యం నిలవుంచే పురి కట్టేవారట. "మిషన్ గడ్డి ముక్కలైపోద్ది, వెంటికి రాదండి" అన్నారు. ముక్కలైతే తాడుకి పనికిరాదు గానీ అట్టకి భేషుగ్గా పనికొస్తుంది. ఎలాగూ తరగాల్సిందే కదా.

అసలు కష్టం నిలవ దగ్గర. గడ్డికి బరువు తక్కువ, చోటెక్కువ. లారీ కిరాయి గడ్డి ఖరీదుని మింగేస్తుంది. తడిస్తే బూజు. నాకైతే ఈ పని ఊరూరా, కళ్లం పక్కనే జరగాలనిపించింది. నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒక పాక, ఒక కాగు, ఒక నొక్కుడు మిషన్ పెట్టుకోగలరు.

మర్నాడు బయల్దేరుతుంటే పిన్నిగారు తాపేశ్వరం కాజాలు అట్టపెట్టెలో పెట్టి, అరటినారతో కట్టిచ్చారు. పాకం ఊరకుండా లోపల అరటాకు పరిచారు. రైలెక్కాక పెట్టెని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. మూత మీద ఓ మూల ఉడకని గడ్డిపోచ ఒకటి, కణుపుతో సహా, అలాగే ఉంది.