పార్కు గేటుకి తాళం ఎందుకు

ముప్పై ఏళ్లు పైనే పార్కుల పనిలో ఉన్నా, మొదట నర్సరీలో మొక్కలు చూసుకునే చిన్న ఉద్యోగం, చివర్లో మొత్తం విభాగం నా చేతికిచ్చారు. రిటైరయ్యాక అందరూ అడిగేది ఒకటే, ఏ పార్కు కట్టారు సార్ అని. నా సర్వీసు ఎక్కువగా కట్టడానికి కాదండీ, కట్టినవాటికి నీళ్లు పోసే మాలికి జీతం అడగడానికే పోయింది. ఓపెనింగ్‌కి డబ్బులు ఎలాగోలా వస్తాయి, రెండో వేసవిలో మోటారు కాలిపోతే మాత్రం రావు, లాన్ ఎండిపోద్ది, ఉయ్యాల గొలుసు తెగుద్ది, ఇక జనం రావట్లేదు కదా ఈ స్థలం ఇంకోదానికి ఇచ్చేద్దాం అని ఫైలు కదులుద్ది.

అందుకే లెక్కపెట్టడం మొదలుపెట్టా. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు ఒక చిన్న పార్కు గేటు దగ్గర వారం రోజులు నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నా. పొద్దున వాకర్స్, సాయంత్రం పిల్లలు, అది తెలిసిందే. మధ్యాహ్నం మాత్రం తాళం. ఆ తాళం ముందు గట్టు మీద ఒకామె రోజూ కనపడేది, రెండిళ్లలో పని అయిపోయింది, మళ్లీ నాలుక్కి ఇంకో ఇల్లు, ఇల్లేమో దూరంగా పెందుర్తిలో. "ఏటి బాబూ, లోపల ఇంత నీడ ఉంటే తాళమేసేత్తారేటి, మేం ఎక్కడ కూకోవాల" అంది. నాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా అన్ని మీటింగుల్లో మొక్కల గురించే మాట్లాడేవాణ్ణి, ఆ తర్వాత ఆమె గురించే మాట్లాడా. ఏడాదిన్నర తిరిగితే ఆ ఒక్క గేటు మధ్యాహ్నం తెరిచారు, నా మొత్తం ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన ఆర్డర్ అదే.

ముందు రోడ్లు, డ్రైన్లు, పార్కులు తర్వాత చూద్దాం అనేవాళ్లకి చెప్పడానికి రెండు కాగితాలు ఎప్పుడూ బ్యాగులో ఉండేవి. ఒకటి రాజ్యాంగం 12వ షెడ్యూల్, 74వ సవరణతో వచ్చింది, అందులో పట్టణ పాలక సంస్థల కోసం రాసిన 18 పనుల్లో 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలే. రెండోది 1991 సుప్రీంకోర్టు తీర్పు, బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే అక్కడ ఉండేవాళ్లే కోర్టుకెళ్లి గెలిచారు, ఆసుపత్రి మంచిదే కానీ పార్కు స్థలం తీసుకుని కాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక కొన్నాళ్లు నేనేం వాదించక్కర్లేకపోయింది, తెల్లారి లేచి చూస్తే ఊళ్లో నీడే లేదు, చెట్టు విలువ వైజాగ్‌లో ప్రతి మనిషికీ అర్థమైపోయింది. అందరూ మొక్కలు నాటడానికి ముందుకొచ్చారు, చాలా మంచి మనసు, కానీ నాటడానికి రెండు నిమిషాలు, బతికించడానికి మూడేళ్ల నీళ్లు, ట్రీ గార్డు, మళ్లీ అదే మాలి జీతం. త్వరగా పెరిగి పూలతో కనువిందు చేసేవి కాదు, వేప, కానుగ లాంటివి పెట్టండి అని బతిమాలా, కొందరు విన్నారు.

ఇప్పుడు మధురవాడ వైపు ఒక లేఅవుట్ వాళ్లు పిలిచారు, రూల్ ప్రకారం వదిలిన పది శాతం ఖాళీ స్థలంలో ఇంటి శిథిలాలు, పార్కింగ్. ఆదివారం పొద్దున ప్లాన్ కాపీ, టేపు పట్టుకుని వెళ్తున్నా, ముందు హద్దులు కొలవాలి.