డీఎక్స్‌ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో చదవడం

గేట్లు, మెట్ల రెయిలింగులు, జాలీ పలకలు గీసి లేజర్ కటింగ్‌కు పంపే మా పనిలో, గీయడానికి చూపే శ్రద్ధలో సగమైనా పంపడానికి చూపితే చాలా ఇనుము వృథా కాకుండా ఉంటుంది. మేము గీసేది ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో. కోసే యంత్రం దగ్గర ఉండే సాఫ్ట్‌వేర్ మరో సంస్థది. ఈ రెండింటి మధ్య ప్రయాణించేది డీఎక్స్‌ఎఫ్ ఫైలు. బాలానగర్ వైపు షాపులవారు "డీఎక్స్‌ఎఫ్ పెట్టండి సార్" అనగానే, సేవ్ యాజ్‌లో ఆ పేరు ఎంచుకొని వాట్సాప్‌లో పంపేసి, మన బొమ్మ మనం చూసినట్లే అవతల తెరుచుకుంటుందని నమ్మడం అందరికీ అలవాటైపోయింది. ఆ నమ్మకానికి ఆధారం ఎంతవరకు ఉందో ఫైలును తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

తెరవడం కష్టమేమీ కాదు. 1982లో ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్ తొలి వెర్షన్‌తో పాటే తెచ్చిన ఈ ఫార్మాట్, సాధారణంగా, మామూలు అక్షరాలతో రాసిన పాఠమే. బైనరీ రూపం కూడా ఉంది కానీ షాపుల మధ్య తిరిగేది దాదాపు ఎప్పుడూ పాఠరూపమే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరుసలు జంటలుగా కనిపిస్తాయి: పై వరుసలో ఒక సంకేత సంఖ్య, కింది వరుసలో దాని విలువ. 0 తరువాత వచ్చేది వస్తువు పేరు, అంటే గీత, వృత్తం, పాలీలైన్ (అనేక ఖండాలు కలిసిన ఒకే గీత) వంటివి. 8 తరువాత ఆ వస్తువు ఉన్న లేయర్ (పొర) పేరు. 10, 20, 30 తరువాత ఎక్స్, వై, జెడ్ నిర్దేశాంకాలు. వృత్తమైతే 40 తరువాత వ్యాసార్థం. ఒక రంధ్రం కేంద్రం ఎక్కడుందో, దాని వ్యాసార్థం 6 అవునో కాదో, ఏ క్యాడ్ ప్రోగ్రామ్ లేకుండానే చదివి చెప్పవచ్చు. ఫైలు మొదట హెడర్ విభాగం, తరువాత లేయర్లు, గీత రకాలు ఉండే పట్టికలు, ఆపై బ్లాకులు (మళ్లీ మళ్లీ వాడే బొమ్మల ముక్కలు), ఆ తరువాతే అసలు గీతలుండే ఎంటిటీల విభాగం వస్తాయి. నలభై ఏళ్లు దాటినా ఈ అమరిక చెక్కుచెదరలేదు, దాన్ని నేను నిజంగా గౌరవిస్తాను.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కొలమానం. ఎంటిటీల విభాగంలో 100 అని ఉంటే అది వట్టి 100 మాత్రమే. మిల్లీమీటర్లా, అంగుళాలా, మీటర్లా అన్నది ఆ సంఖ్య చెప్పదు. దాన్ని చెప్పవలసింది హెడర్‌లోని ఇన్‌సయూనిట్స్ అనే చరాంశం: 1 అంటే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 6 మీటర్లు, 0 అంటే కొలమానం నిర్ణయించలేదని అర్థం. అది 0గా ఉన్న ఫైలు అందుకున్న ప్రోగ్రామ్ తనకు తోచిన కొలమానాన్ని అనుకుంటుంది, అప్పుడు పలక 25.4 రెట్లు పెద్దదైనా కావచ్చు, చిన్నదైనా కావచ్చు. తప్పు అంత భారీగా ఉంటే ఎవరో ఒకరు గమనిస్తారు. కానీ పది పలకల్లో ఒక్క చిన్న బ్రాకెట్ మాత్రమే అలా మారితే కోసేదాకా తెలియకపోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పాత యంత్రాలున్న షాపులు "ఆర్12లో ఇవ్వండి" అని అడుగుతాయి, ఎందుకంటే 1992 నాటి ఆటోక్యాడ్ 12వ వెర్షన్‌ది అయిన ఆ రూపాన్ని దాదాపు ప్రతి ప్రోగ్రామూ చదవగలదు. అయితే ఇన్‌సయూనిట్స్ ఆటోక్యాడ్ 2000 అనే తరువాతి వెర్షన్‌తో వచ్చింది. ఆర్12లో దానికి చోటే లేదు. అందరూ చదవగలిగే రూపంలోనే కొలమానం ఏదో చెప్పే వీలు లేదన్నమాట. అందుకే నేను ఫైలు పేరులోనే ఎంఎం అని రాసి, మొత్తం బొమ్మ పొడవు వెడల్పులను సందేశంలో విడిగా రాస్తాను, అవతలివారు తెరిచి అదే కొలత చదివి చెప్పేవరకు కటింగ్ మొదలుపెట్టవద్దని కోరతాను.

ఆర్12 మరొకటి కూడా కోల్పోతుంది. స్ప్లైన్ (స్వేచ్ఛగా వంగే గీత), ఎలిప్స్ (దీర్ఘవృత్తం) అనే వస్తువులు ఆర్13లో వచ్చాయి కాబట్టి, నెమలి పింఛమో తీగలల్లికో స్ప్లైన్‌తో గీసి ఆర్12లో భద్రపరిస్తే, ఆ వంపు చిన్న చిన్న సరళరేఖల వరుసగా మారిపోతుంది. తెర మీద తేడా కనిపించదు, కానీ లేజర్ తల ప్రతి మూలలోనూ వేగం తగ్గించి పెంచుతూ వెళ్లడం వల్ల అంచు మీద చారలు పడతాయి, సమయమూ పెరుగుతుంది. దీనికి మందు పాలీలైన్‌లోని ఆర్క్ ఖండాలు, అంటే వృత్తంలోని ముక్కలు. పాలీలైన్‌లో ప్రతి శీర్షానికీ 42 అనే సంకేతంతో బల్జ్ (వంపు ఎంత ఉబ్బిందో చెప్పే) విలువ రాయవచ్చు. అది ఆర్క్ కేంద్రకోణంలో నాలుగో వంతుకు టాంజెంట్, కాబట్టి 0 అంటే సరళరేఖ, 1 అంటే సరిగ్గా అర్ధవృత్తం. ఒక్క సంఖ్యతో మొత్తం వంపును చెప్పే ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఆటోక్యాడ్‌లో ప్లైన్‌కన్వర్ట్‌మోడ్ అనే సెట్టింగును 1గా పెట్టి, తరువాత పీఎడిట్ ఆదేశంతో స్ప్లైన్‌ను పాలీలైన్‌గా మారిస్తే సరళరేఖలకు బదులు ఆర్క్‌లు వస్తాయి, ఆర్12కూ అవి తెలిసినవే.

తెలుగు అక్షరాల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే గుడి ముఖద్వారానికో ఇంటి పేరు పలకకో తెలుగు కోయించేవారు చాలామంది ఉన్నారు. ఆటోక్యాడ్ 2007 వెర్షన్ నుంచి డీఎక్స్‌ఎఫ్, అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటుంది. అంతకు ముందు రూపాల్లో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ వాలు గీత, యూ, కూడిక గుర్తు, ఆపై 0సీ24 వంటి యూనికోడ్ సంఖ్యగా రాయబడతాయి. ఏ రూపమైనా ఫైలులో వెళ్లేది అక్షరాల సంఖ్యలు, ఫాంటు పేరు మాత్రమే, వాటి ఆకారం వెళ్లదు. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే ప్రశ్నార్థకాలో ఖాళీ చతురస్రాలో వస్తాయి. ఫాంటు ఉన్నా, గుణింతాలను ఒత్తులను కూర్చడం ఆ ప్రోగ్రామ్‌కు రాకపోతే "శ్రీ" కూడా ముక్కలుగా విడిపోతుంది. కోయవలసిన తెలుగును టెక్స్ట్‌గా ఎప్పుడూ పంపకూడదు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో రాసి, ఆబ్జెక్ట్ టు పాత్ ద్వారా వంపులుగా మార్చి, ఒత్తులన్నీ తమ చోట ఉన్నాయని కళ్లారా చూసుకున్నాకే డీఎక్స్‌ఎఫ్‌గా ఇవ్వాలి.

సర్వే డ్రాయింగుల మీద పనిచేసేవారికి ఇంకొక మాట. హైదరాబాద్ స్థలాలు యూటీఎం అనే మ్యాపు నిర్దేశాంక పద్ధతిలోని 44వ మండలంలో ఉండటం వల్ల నిర్దేశాంకాల్లో ఉత్తర విలువ (భూమధ్యరేఖ నుంచి దూరం) 19 లక్షల మీటర్లు దాటుతుంది. అందుకునే ప్రోగ్రామ్ సింగిల్ ప్రిసిషన్‌లో, అంటే తక్కువ అంకెలే దాచుకునే పద్ధతిలో, లెక్కిస్తే, అంత పెద్ద సంఖ్య దగ్గర దాని కనీస మెట్టు 12.5 సెంటీమీటర్లు, ప్రహరీ గోడ మూల అందులో సగం దాకా జరిగిపోగలదు. అలాంటివారికి పంపేటప్పుడు డ్రాయింగును మూలబిందువు దగ్గరకు జరిపి, ఎంత జరిపామో డ్రాయింగులోనే రాయడం మంచిది.

ఒకే గీత ఒకదానిపై ఒకటి రెండుసార్లు ఉంటే లేజర్ రెండుసార్లు కోస్తుంది, కాబట్టి ఆటోక్యాడ్‌లో అలాంటి నకళ్లను తొలగించే ఓవర్‌కిల్ ఆదేశం ఇవ్వడం తప్పనిసరి. ఆ తరువాత ఫైలును గీసిన ప్రోగ్రామ్‌లో కాక లిబ్రేక్యాడ్ అనే మరో డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో తెరుస్తాను, అది ఉచితం. ఏదైనా వస్తువు అక్కడ కనిపించకపోతే, షాపులో కూడా కనిపించకపోవచ్చని భావించి, దాన్ని మామూలు గీతలు, ఆర్క్‌లు, పాలీలైన్లుగా విడగొట్టి మళ్లీ భద్రపరుస్తాను.