ఆఫీసర్ల మీద తెల్లపొర పట్టిన రోజు

యుద్ధపు ఆట కోసం నేను రంగులేస్తున్న బొమ్మ సైన్యంలో నిన్న రాత్రికి ఎనిమిది మంది ఆఫీసర్లూ పూర్తయ్యారు. యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం (1756–63) జరిగిన కాలపు సైన్యమే, కాకపోతే రాజ్యం నా ఊహలోది. యూనిఫాం నా ఇష్టం: బూడిదరంగు కోటు, ఎర్ర కఫ్‌లు, వెండి గుండీలు. గుండీలు వెండివైతే టోపీ అంచు జరీ కూడా వెండిదే పెట్టాను. ఊహా రాజ్యమైనా ఆ కాలపు పద్ధతి తప్పకూడదని నా పట్టుదల. ఆ కాలపు జర్మన్ రాజ్యం ప్రష్యా ఆఫీసర్ల నడికట్టు వెండి, నలుపు. మా వాళ్లది వెండి, ఆకుపచ్చ.

ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలిపూత), కోట్లు, ముఖాలు వారంలో అయిపోయాయి. 28 మిల్లీమీటర్ల బొమ్మకి మెడ కింద నెలవంక రేకు, దాని మీద చిన్న మెరుపు కూడా వేశాను. ఆ పని నాకు బాగా వచ్చని ధైర్యంగా చెప్పగలను.

చివరగా రంగు చెదరకుండా మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) స్ప్రే కొట్టాను. రాత్రంతా వాన పడి వెలిసిన పొద్దున అది. ఆరేసరికి ఎనిమిది మందికీ తెల్లపొర! ఎర్ర కఫ్‌లు పాలు కలిపినట్టు అయిపోయాయి. సాయంత్రం ఆటకు వచ్చిన స్నేహితుడు కల్నల్‌ని చేతిలోకి తీసుకుని "బూజు పట్టిందేంటి?" అన్నాడు. నెల రోజుల కష్టం. నోట మాట రాలేదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే ఇలా తెల్లబడుతుందట. "ఎప్పుడైనా కొట్టుకోవచ్చు, ఏం కాదు" అని నాకు డబ్బా అమ్మినాయన ఆ ముక్క చెప్పలేదు. అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ముందు ఒక పనికిరాని బొమ్మ మీద కొట్టి చూడండి.

రంగు ఊడదీసి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. ఆఖరి ప్రయత్నంగా ఒకడి కోటు వెనక అంచుకి గ్లాసీ వార్నిష్ (మెరిసే రకం) బ్రష్‌తో పల్చగా రాశాను. తడి తగలగానే కింద అసలు రంగు పైకి తేలింది. ఆరాక కూడా తెల్లబడలేదు. ప్రాణం లేచొచ్చింది. మిగతా వాళ్లకీ అలాగే రాసి, ఒక రోజు ఆగి, పైన మ్యాట్ వార్నిష్ కూడా బ్రష్‌తోనే వేశాను.

మ్యాట్ వేస్తే లోహపు రంగుల మెరుపు చచ్చిపోతుంది. అందుకే జరీ, గుండీలు, నెలవంక రేకు అన్నిటికన్నా ఆఖరున మళ్లీ వెండితో దిద్దాను. ఇకమీదట వెండి పని వార్నిష్ తర్వాతే. వెండి బ్రష్ కడిగిన నీళ్లు కూడా వేరే గ్లాసులో ఉంచుతున్నాను, లేకపోతే ఆ మెరుపు రజను మిగతా రంగుల్లోకి వచ్చేస్తుంది.

డ్రమ్మర్లు ఇంకా ఆరుగురున్నారు. స్ప్రే డబ్బా అటక మీద పెట్టేశాను.