ఇంకా నాది కాని రూపాయి

పొద్దున తొమ్మిదిన్నరకి రిజిస్టర్డ్ ప్యాకెట్ వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను కానీ వెంటనే విప్పలేదు. నాలుగు వైపులా టేపు చూశాను, ఎక్కడా ఊడదీసి మళ్లీ అంటించినట్టు లేదు. ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకుని, ఆ తర్వాతే కత్తెర పట్టుకున్నాను.

లోపల రెండు దళసరి అట్టల మధ్య ఐదు నాణేలు, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ పొర ఉన్న చిన్న అట్టలో పెట్టి పిన్నులు కొట్టినవి. ఒక లిస్టు, ఒక చిన్న ఉత్తరం. "మీరు అడిగినవాటిలో దొరికినవి పంపుతున్నాను. పది రోజుల్లో చూసి చెప్పండి." ఇంకా నేను ఒక్క పైసా కట్టలేదు. ఇవి పంపిన నాణేల డీలర్‌ని నేను ఎప్పుడూ చూడలేదు, ఆయన నన్ను చూడలేదు. అయినా ఐదు నాణేలు నా బల్ల మీదకి పంపేశాడు. అప్రూవల్ మీద తెప్పించుకోవడం అంటే ఇదే. ముందు సరుకు వస్తుంది, నచ్చినవి ఉంచుకుని వాటికి డబ్బు కడతాం, మిగతావి గడువులోపు వెనక్కి పంపేస్తాం. ఇన్నేళ్లయినా ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ నాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. 1797 నాటి ఇంగ్లండ్ రాగి పెన్నీ, 1921 అమెరికా మోర్గాన్ డాలర్, ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న థాలర్ అనే వెండి నాణెం, 1911 ఐదో జార్జి రూపాయి. చివర నేను ఇన్నాళ్లూ ఎదురుచూసిన 1862 విక్టోరియా రూపాయి. దాని ఎదురుగా "దాదాపు వాడని స్థితి" అని రాశాడు. ఆ మాట చదవగానే గుండె వేగం పెరిగింది. మిగతా నాలుగూ అయ్యాకే దాన్ని ముట్టుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను.

పెన్నీ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో కొట్టించిన నాణెం అది. వెడల్పుగా లేచిన అంచు చూసి జనం దాన్ని బండిచక్రం అన్నారు. ఒక ఔన్సు రాగి, అంటే 28 గ్రాములకి కాస్త పైనే. దీని అంచు మీద రెండు గట్టి దెబ్బలున్నాయి, ఆ సంగతి లిస్టులోనే రాశాడు. లోపాన్ని తనే ముందుగా చెప్పే డీలర్ అంటే నాకు గౌరవం. మోర్గాన్ డాలర్ బాగానే ఉంది, కానీ 1921వి చాలా దొరుకుతాయి, నా దగ్గర ఒకటి ఉంది. రెండూ వెనక్కి వెళ్లే వరసలో పెట్టాను.

థాలర్ ముందు కాసేపు కూర్చున్నాను. మరియా థెరీసా 1780లో చనిపోయింది. ఆ తర్వాత కొట్టిన నాణేల మీద ఉండేది ఎప్పుడూ ఆ సంవత్సరమే. ఎర్ర సముద్రం చుట్టుపక్కల వర్తకులు ఆ బొమ్మనే నమ్మేవారు, ఇంకొకటి ఇస్తే తీసుకునేవారు కాదు. అందుకని ఆమె పోయిన తర్వాత కూడా వియన్నా, రోమ్, లండన్, బొంబాయి ఇలా ఎన్నో టంకశాలలు 1780 అంకెతోనే కొడుతూ వచ్చాయి. కాబట్టి దీని మీద ఉన్న సంవత్సరాన్ని బట్టి వయసు చెప్పలేం. భుజం మీది బ్రోచ్‌లో ముత్యాలు, అక్షరాల తీరు, గద్ద తోక ఈకలు చూసి ఏ టంకశాలదో పోల్చుకోవాలి. లెన్స్‌తో చూశాను. ఇది తర్వాతి కాలంలో కొట్టినదే. లిస్టులో కూడా అలాగే ఉంది. దీన్ని ఉంచుకుంటున్నాను. ఎన్ని చేతులు మారిందోగానీ బుగ్గ మీద అరుగుదల నున్నగా, సమానంగా ఉంది.

1911 రూపాయి కథ తెలియని నాణేలవాళ్లు ఉండరు. రాజు వస్త్రం మీది పతకంలో ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడటంతో అది జనానికి పందిలా కనిపించింది, పెద్ద గొడవైంది. బయటికి వెళ్లిన వాటిని వెనక్కి తీసుకున్నారు, చాలావరకు కరిగించేశారు. 1912 నుంచి తొండం సరిగ్గా కనబడేలా అచ్చు మార్చారు. ఈ నాణెం మీద ఆ చిన్న ఏనుగు ఇంకా తెలుస్తోంది. అది అరిగిపోతే మిగిలేది సంవత్సరమొక్కటే. దీన్ని కూడా ఉంచుకుంటున్నాను, దీని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

తర్వాత 1862.

ముందు తూకం వేశాను. అప్రూవల్ మీద వచ్చిన నాణేన్ని అట్టలోంచి తీయకూడదు, అడగకుండా తీస్తే అది నమ్మకద్రోహం. అందుకే అదే కొలత ఖాళీ అట్ట ఒకటి, అన్నే పిన్నులు కొట్టి నా దగ్గర ఉంచుకుంటాను. మొత్తం బరువులోంచి దాని బరువు తీసేస్తే 11.6 గ్రాములు వచ్చింది. ఈ రూపాయి 180 గ్రెయిన్ల నాణెం, అంటే 11.66 గ్రాములు. తులం అన్నా ఇదే బరువు. కాస్త అరుగుదల, అట్టల బరువులో చిన్న తేడా కలుపుకుంటే సరిగ్గానే ఉంది. నీళ్లలో ముంచి సాంద్రత చూసే పరీక్ష కూడా ఉంది. గాలిలో బరువుని, నీళ్లలో తగ్గిన బరువుతో భాగిస్తే ఇలాంటి వెండికి పదిం పావు కంటే కొంచెం ఎక్కువ రావాలి. కానీ మనది కాని నాణెం మీద నేను నీటి చుక్క పడనివ్వను. నా సొంత నాణేలకే ఆ పరీక్ష.

తర్వాత బొరుసు చూశాను. 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే కొట్టారని కాదు. 1874లో తేదీ మారేవరకు అదే అంకెతో కొడుతూ పోయారు. సంవత్సరం దగ్గర, పూలతీగ దగ్గర పడిన సన్నటి చుక్కల లెక్కని బట్టి రకాలు విడదీస్తారు. ఆ చుక్కల కోసమే ఎంతమంది కళ్లు పాడు చేసుకున్నారో. దీని చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, నా ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న గడికి సరిగ్గా సరిపోయే రకం. అసలు నాణెమే, అనుమానం లేదు. అప్పుడే ఉంచేసుకుందామనిపించింది.

దీపం కింద పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచాను. కొట్టిన తర్వాత ఎవరూ రుద్దని వెండి మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. నాణేన్ని వంచుతుంటే ఆ వెలుగుచారలు ముఖం చుట్టూ పరుగెత్తినట్టు ఉంటాయి. దీని మీద తిరగలేదు. మొత్తం ఒకేసారి తెల్లగా మెరిసి, ఒకేసారి ఆరిపోయింది. రాణి వెనక ఖాళీ జాగాలో జుట్టు కంటే సన్నని గీతలు కనిపించాయి. అవి నాణెం మీదివా, అట్టకి ఉన్న ప్లాస్టిక్ పొర మీదివా అన్నది అసలు ప్రశ్న. పొర మీది గీతలైతే లెన్స్ దూరం కొంచెం మార్చగానే మసకబారిపోతాయి. కొన్ని మసకబారాయి, కొన్ని అలాగే ఉన్నాయి. అప్పుడు టెన్షన్ మొదలైంది.

ఇక డీలర్‌కి ఫోన్ చేశాను. "సార్, 1862ది అట్ట విప్పి చూడొచ్చా? గీతలు ఎక్కడున్నాయో తెలియడం లేదు" అన్నాను. "విప్పి చూడండి మేడమ్, కొత్త అట్టలో పెట్టి పంపితే చాలు" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పిన్నులు నాణెం వైపుకి తిరగకుండా జాగ్రత్తగా పీకాను. నాణెం పడినా దెబ్బ తగలకుండా కింద మెత్తటి గుడ్డ పరిచాను. వేళ్లతో అంచు మాత్రమే పట్టుకుని వంచితే అంతా తెలిసిపోయింది. గీతలన్నీ ఒకే వైపుకి, ఎడమ నుంచి కుడికి దిగుతున్నాయి. అక్షరాల పక్కన మూలల్లో పాత నలుపు అలాగే ఉంది, అక్షరాల మధ్య బయలు మాత్రం తెల్లగా కడిగేసినట్టు ఉంది. ఎవరో, ఎప్పుడో, బహుశా మంచి ఉద్దేశంతోనే, పొడి వేసి గుడ్డతో రుద్దారు. నూట యాభై ఏళ్ల పైబడిన వెండికి దానంతట అది పట్టిన రంగు ఉండాలి, అది పోయింది. ఎన్ని ఏళ్లు ఆగినా తిరిగి అలా రాదు.

అప్పుడే తమ్ముడు గదిలోకొచ్చాడు. నా భుజం మీంచి తొంగి చూసి, "ఎంత మెరుస్తోందక్కా! ఇదే కదా నువ్వు వెతుకుతున్నది? ఉంచేసుకో" అన్నాడు.

"మెరుస్తోంది కాబట్టే వద్దురా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. పక్కన థాలర్ పెట్టి రెండూ ఒకేసారి వంచి చూపించాను. ఒకదాని మీద అరుగుదల ఉన్నా ముఖం సజీవంగా ఉంది. రెండోదానికి అరుగుదల తక్కువే, చర్మం మాత్రం ఒలిచేసినట్టుంది. కాసేపు చూసి, "అయ్యో" అన్నాడు. నాకూ అంతకంటే మాట రాలేదు.

డీలర్ మోసం చేశాడని నేను అనుకోవడం లేదు. అట్ట విప్పకుండా పొరలోంచి చూసి, అరుగుదలని బట్టి గ్రేడ్ రాశాడు. అరుగుదల విషయంలో ఆయన రాసింది నిజమే. ఈ రోజు నాణేల గ్రేడ్‌కి వాడే ఒకటి నుంచి డెబ్బై వరకు లెక్కని 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేశాడు. ఆ అంకెలు చేతులు మారడం వల్ల వచ్చిన అరుగుదలని చెప్పడానికి బాగుంటాయి. రుద్దిన ముఖాన్ని ఏ అంకెలో పెట్టాలన్నదానికి ఆ మెట్లలో జవాబు లేదు. అదే షెల్డన్ న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మంచి సెంట్లు తీసుకుని, వాటి బదులు తన దగ్గరున్న తక్కువ రకానివి పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్రూవల్ పంపే ప్రతి డీలర్ మనసులో ఉండే భయం అదే కదా, పంపింది ఒకటి, తిరిగొచ్చేది ఇంకొకటి.

ఆ భయం ఇటువైపు కూడా ఉంటుంది. చాలాకాలం క్రితం ఇంకొక డీలర్‌కి మూడు నాణేలు తిరిగి పంపితే, రెండే చేరాయన్నాడు. నా దగ్గర ఫొటో లేదు, బరువు రాసుకోలేదు. చివరికి మూడోదానికి కూడా డబ్బు కట్టాను. ఆ డీలరే నేను ఆపమన్నా నెలనెలా ప్యాకెట్లు పంపేవాడు. గడువు దాటితే బిల్లు వచ్చేది, తర్వాత గట్టిగా రాసిన ఉత్తరం వచ్చేది. అడగని సరుకు మీద కొన్ని దేశాల్లో చట్టాలే ఉన్నాయి. అమెరికాలో 1970 నాటి చట్టం ప్రకారం మనం అడగకుండా పోస్టులో వచ్చిన వస్తువుని కానుకగా ఉంచుకోవచ్చు. బ్రిటన్‌లో 1971లో అలాంటి చట్టం వచ్చింది. కానీ మొదట్లో "అప్రూవల్స్ పంపండి" అని మనమే కాగితం నింపి పంపితే, అది అడగని సరుకు అని చెప్పడం కష్టమైపోతుంది. ఆ చిన్న అక్షరాలు అప్పట్లో చదవలేదు. ఇప్పుడు మొదటి ఉత్తరంలోనే రాసేస్తాను, నేను అడిగినప్పుడే పంపండి అని.

సాయంత్రం ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "నచ్చలేదు" అని ఒక్క మాట రాసి పంపినా ఆయన ఏమీ అనడు. కానీ అలా పంపితే ఆయన అదే నాణేన్ని అదే గ్రేడ్‌తో ఇంకొకరికి పంపుతాడు, వాళ్లు కొత్తవాళ్లైతే మెరుపు చూసి ఉంచేసుకుంటారు. అందుకే వివరంగా రాశాను. గీతలు ఏ వైపుకి ఉన్నాయో, ఏ అక్షరాల మధ్య నలుపు మిగిలిందో, అట్ట విప్పకపోతే నాకు కూడా తెలిసేది కాదని. చుక్కల రకం మంచిదని, రుద్దిన సంగతి చెప్పి అమ్మితే దీన్ని సంతోషంగా తీసుకునేవాళ్లు ఉంటారని కూడా రాశాను. చివర ఒక వాక్యం: "1862 కోసం ఇంకా చూస్తున్నాను. అరిగినదైనా పర్వాలేదు, ఎవరూ రుద్దనిది కావాలి."

కొత్త అట్టలో పెట్టేముందు దాన్ని ఇంకోసారి చూశాను. గట్టి ప్లాస్టిక్ పొర ఉన్నదే వాడాను. మెత్తటి పీవీసీ కవర్లలో వెండి మీద పచ్చటి జిగురు పడుతుంది, అది దారిలో రెండు రోజులకి రాదుగానీ, తర్వాత వాళ్లు ఎన్నాళ్లు అందులో ఉంచుతారో తెలియదు కదా. పిన్నులు అణిచాను, మొనలు పైకి లేవకుండా. మూడు నాణేలకి బొమ్మా బొరుసూ ఫొటోలు తీశాను. అట్టలతో సహా బరువులు నోట్‌బుక్‌లో రాశాను. నాణేలు కదలకుండా రెండు దళసరి అట్టల మధ్య పెట్టి, నాలుగు వైపులా టేపు వేశాను. ఉంచుకున్న రెండింటికి డబ్బు పంపి, దాని రసీదు కాపీ ఉత్తరంతో పెట్టాను. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. అయినా రేపు పొద్దునే పోస్టాఫీసుకి వెళ్తాను, రిజిస్టర్ చేసి, ఇన్సూరెన్స్ పూర్తి విలువకి కట్టి పంపాలి. ఆయన చేతికి చేరేవరకు దారిలో ఏం జరిగినా బాధ్యత నాదే.

పడుకోబోయే ముందు ఆల్బమ్ తీశాను. 1911 దాని గడిలో కూర్చుంది. దాని పక్క పేజీలో 1862 గడి కింద పెన్సిల్‌తో ఈరోజు తేదీ వేసి, చిన్నగా రాసుకున్నాను: "వచ్చింది. చుక్కలు సరి. రుద్దారు. వెనక్కి." ఆ గడి కింద ఇలాంటి వాక్యం ఇది మూడోది.