తల్లి వదిలేసిన బడ్జీ పిల్లలు: ఆఖరిదానికి ఎందుకు అరగలేదు

ఈ పొద్దున చిన్నది కొర్ర గింజ పొట్టు తనే వలుచుకుని మింగింది. సిరంజిలన్నీ చెత్తబుట్టలో పడేశాను. నిద్ర తీరకముందే రాసేస్తున్నాను. తీరితే ఈ కోపం మిగలదు.

మన వైజాగ్‌లో వీటిని లవ్ బర్డ్స్ అనే అడుగుతాం, అమ్మేవాళ్ళూ అలాగే అమ్ముతారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఇవి ఆస్ట్రేలియా బడ్జీలు. మేత డబ్బా కొనేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. రామచిలుకలకీ ఇవే కొలతలా అని అడక్కండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెట్టుకోవడమే నేరం.

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటాను. ఆడపిట్టకి ఏడు నెలలు. ఏడాది నిండనిదే గుడ్లు పెట్టుకునే కుండ కట్టకూడదు. "బ్రీడింగ్ జతండీ, కుండ పెట్టడమే ఆలస్యం" అన్న షాపువాడి మాట నమ్మాను. రోజు విడిచి రోజు గుడ్లు పెట్టింది, ఒక్కోటి 18 రోజులకు పగిలింది, అయిదూ పిల్లలయ్యాయి. దీపావళి నాటికి వాటి వయసు తొమ్మిది, ఏడు, అయిదు, మూడు, ఒక రోజు. ఆ రాత్రి పక్క డాబా మీద పేలిన బాంబులకు తల్లి కుండలోంచి ఎగిరిపోయి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. వయసు చాలిన పిట్ట అయితే తెల్లారేసరికి తిరిగి వెళ్ళేదేమో.

తల్లి వదిలేసిందని అరుపుల్ని బట్టి తేల్చకండి. మెడ కింద కుడివైపు పల్చటి చర్మంలోంచి తిండి సంచి కనబడుతుంది, క్రాప్ అంటారు. రెండు మూడు గంటల తేడాతో రెండుసార్లు చూసినా అది ఖాళీగా ముడుచుకుపోయి ఉంటే తల్లి మేపట్లేదు. అరిచే పిల్లకి ఇంకా ఓపిక ఉంది. అరుపు మానేసి, పాలిపోయి, చేతికి చల్లగా తగిలేదాన్ని ముందు చూసుకోవాలి. దానికి వెంటనే మేత పెట్టేయకండి. ముందు వెచ్చబరచాలి. ఒళ్ళు చల్లగా ఉండగా పెట్టిన మేత సంచిలోనే ఉండిపోయి పులుస్తుంది.

చేత్తో మేపడం రెండో దారి. మొదటిది వేరే తల్లికి అప్పగించడం. కూర్మన్నపాలెంలో ముప్పై ఏళ్ళుగా బడ్జీలు పెంచుతున్న ఒక పెద్దాయన దగ్గర మూడు పిల్లలున్న జత ఉంది. ఎంవీపీ కాలనీ నుంచి బండి మీద గంట. బియ్యం మూకుడులో వేడిచేసి, గుడ్డలో మూటకట్టి, డబ్బా అడుగున పెట్టి, పైన టిష్యూ మీద పెద్ద రెండింటినీ పడుకోబెట్టి తీసుకెళ్ళాను. మూట వేలికి గోరువెచ్చగా తగలాలి, అంతే. ఆయన చెప్పిన మాట ఒక్కటే: "సంచి నిండాకే కుండలో పెట్టాల బాబూ. ఆకలితో కొత్తగొంతు అరిస్తే తల్లికి అనుమానం వస్తాది." ఇద్దరం కలిసి మేపి, చీకటిపడే వేళ, వాళ్ళ పిల్లల మధ్యలోకి తోసేశాం. మూడు గంటల తరవాత చూస్తే రెండింటి సంచుల్లోనూ మేత ఉంది. పని అయిపోయింది. నావి లుటినోలు, అంటే పసుపు రంగు రకం, రెప్పలు విచ్చకముందే కళ్ళు ఎర్రగా కనబడతాయి కాబట్టి గుర్తులు పెట్టాల్సిన పనీ లేదు. మిగతా మూడింటినీ అక్కడే ఎందుకు వదల్లేదంటే, ఒక జతకి అయిదు పిల్లలే ఎక్కువ. పైగా తొమ్మిది రోజులదాని పక్కన ఒక రోజుది పడుకుంటే నలిగిపోయే ప్రమాదం ఉంది.

మిగిలిన మూడింటినీ వెచ్చగా ఉంచే పెట్టె సంగతి. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాకి పక్కల కన్నాలు పెట్టి, ఒక చివర 40 వాట్ల ఫిలమెంట్ బల్బు బిగించి, దాని మీద కన్నాలు పొడిచిన పాలపిండి రేకుడబ్బా బోర్లించాను. అలా అయితే వేడి వస్తుంది, వెలుగు పిల్లల కళ్ళలో పడదు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, దాని వేడి చాలదు. కోడిగుడ్లు పొదిగే పెట్టెలకు వాడే, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కలిపాను. మొదటి వారం 35 నుంచి 36 డిగ్రీలు, రెండో వారం 33, ఈకల ముళ్ళు పొడుచుకొచ్చాక 30, ఒళ్ళంతా ఈకలు కప్పాక 27. పిల్లలు దూరదూరంగా జరిగి, ఒళ్ళు ఎర్రబడి, నోళ్ళు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. ఒకదానిమీద ఒకటి ఎక్కి ముద్దయి వణుకుతుంటే తక్కువైనట్టు. వైజాగ్ గాలిలో తేమకి కొదవలేదు గానీ బల్బు దాన్ని పీల్చేస్తుంది, మూలన చిన్న మూతతో నీళ్ళు ఉంచాలి. పెట్టె ఉన్న బల్ల కాళ్ళు నీళ్ళ పళ్ళేల్లో ఉండాలి, లేకపోతే చీమలు. చీమల చాక్‌పీసు విషం, ఆ గదిలోకే తేకండి. దోమల చుట్ట, అగరొత్తి, కాలిన నాన్‌స్టిక్ పెనం పొగ కూడా అంతే. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ళ సీసాలు మేజోళ్ళలో దూర్చి పక్కన పెట్టాను.

మేతపొడి హ్యాండ్ ఫీడింగ్ ఫార్ములా అనే దొరుకుతుంది. పసిపిల్లలకి పెట్టే పాలు కలిసిన పొడి వద్దు, పిట్టలకి పాలు అరగవు. మొదటి మేత ఉత్త కాచిన నీళ్ళే, గోరువెచ్చగా. ఆ తరవాత రెండు రోజులు ఒక వంతు మేతపొడికి అయిదు వంతుల నీళ్ళు, పల్చటి జావలా. క్రమంగా చిక్కబరుస్తూ వారం దాటేసరికి టమాటా సాస్‌లా. ఒక్కో మేతకి ఒంటి బరువులో పదో వంతు: 2 గ్రాముల పిల్లకి 0.2 మిల్లీలీటర్లు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి, ప్రతి పొద్దున ఖాళీ సంచితో తూచి రాసుకోండి. పుట్టినప్పుడు 2 గ్రాములు, పదో రోజుకి 15 దరిదాపు, మూడు వారాలకి 30 దాటాలి. మొదటి వారం రెండు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. రెండో వారం మూడు గంటలు, మూడో వారం నాలుగైదు.

సిరంజి విషయంలో ప్రాణం తీసే పొరపాటు ఒకటుంది. ఇన్సులిన్ సిరంజిలు మన దగ్గర రెండు రకాలు. ఎర్రమూతది 40 గీతలకి ఒక మిల్లీలీటరు, నారింజమూతది 100 గీతలకి. "20 గీతలు పెట్టండి" అని ఎవరో వీడియోలో చెప్పింది విని ఎర్రమూతదాంట్లో తీస్తే 0.2 బదులు 0.5 వస్తుంది. 2 గ్రాముల పిల్ల గొంతుకి అంత పడితే మిగిలేది లేదు. పైగా వీటిల్లో చాలావాటికి సూది ఊడదు, కోస్తే అంచు గరుకు. కేజీహెచ్ ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో సూది ఊడే 1 ఎంఎల్ ట్యుబర్క్యులిన్ సిరంజి అడిగాను. పిల్లకొకటి చొప్పున మూడు.

పెట్టేటప్పుడు పిల్ల ముక్కు ఎడమ అంచు నుంచి కుడివైపుకి. ఆహారనాళం మెడలో కుడిపక్క దిగుతుంది, గాలిగొట్టం నాలుక మొదట్లో నడిమధ్య తెరుచుకుంటుంది. ఒక రోజు పిల్లకి నోట్లోకి తోయకూడదు, ముక్కు అంచున చుక్క నిలబెడితే అదే జుర్రుకుంటుంది. ముక్కు కన్నాల్లోంచి మేత బయటికొచ్చినా, ఊపిరికి టిక్కుటిక్కుమన్నా ఆపేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోతోందన్నమాట. మేత వేడి 39 నుంచి 41 డిగ్రీలు. 43 దాటితే సంచి లోపల కాలుతుంది, కాలిన సంగతి కొన్ని రోజుల తరవాత గానీ బయటపడదు. మైక్రోవేవ్ వద్దే వద్దు. అందులో ఒకచోట గోరువెచ్చగా, ఇంకోచోట మరిగిపోతూ ఉంటుంది.

ఇవన్నీ పొల్లు పోకుండా చేశాను. అయినా మూడో రాత్రి ఆఖరిదాని సంచి ఖాళీ అవలేదు.

రాత్రి రెండు గంటలకి చూస్తే పన్నెండింటి మేత అలాగే ఉంది. వేలితో తాకితే పిండిముద్దలా ఉంది. నాలుగు గంటలకీ అంతే. పొద్దున కాటా మీద 2.9 గ్రాములు. ముందురోజూ అదే. మిగతా రెండూ గ్రాముకి పైగా పెరిగాయి. అదే పెట్టె, అదే పొడి, అదే గిన్నె. దీనికొక్కదానికే ఏమైంది?

మా పిన్ని వాము నీళ్ళు పట్టమంది. వద్దన్నాను. ఆ మధ్యాహ్నం ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. కుక్కల వరస మధ్యలో చిన్న డబ్బా పట్టుకుని గంటన్నర కూర్చున్నాను. డాక్టరు మూత తీసి చూసి నవ్వాడు. "ఏటండీ ఇది, రొయ్యా? జత ఐదొందలు కదా, ఇంకోటి కొనుక్కోండి." వెనకున్నవాళ్ళు కూడా నవ్వారు. తూచలేదు, సంచి వాసన చూడలేదు, పెట్టె వేడి ఎంత అని అడగలేదు. యాంటీబయాటిక్ చుక్కలు రాసి, "రెండు చుక్కలు" అన్నాడు. రెండు చుక్కలంటే దాని ఒక పూట మేతలో మూడో వంతు! నేను వేయలేదు. సంచి పుల్లటి కంపు కొడుతున్నా, నోట్లో తెల్లపొర కట్టినా మందు కావాలి, నిజమే. కానీ తెల్లపొర ఈస్ట్ అయితే యాంటీబయాటిక్ దాన్ని ఇంకా పెంచుతుంది. డాక్టర్లే వద్దనడం లేదు. పిట్టని చేతిలోకి తీసుకుని తూచే డాక్టరు దొరికేదాకా వెతకండి, అదీ పిల్లలు పుట్టకముందే.

ఇంటికొచ్చి మేత ఆపేశాను. నిండిన సంచి మీద కొత్త మేత పోయకూడదు, పాతది కొత్తదాన్నీ పులియబెడుతుంది. గోరువెచ్చటి నీళ్ళు 0.1 మిల్లీలీటరు పట్టి, వేలికొసతో కిందనుంచి పక్కలకి ముద్ద విడేలా నిమిరాను. మూడు గంటలకి సగం దిగింది, ఆరు గంటలకి పూర్తిగా. మళ్ళీ పల్చగా మొదలుపెట్టాను. ఆ రాత్రికి మళ్ళీ ఆగింది.

అప్పుడు పెట్టెని అనుమానించాను. థర్మోస్టాట్ తీగ మొన మూతకి వేలాడుతోంది. అక్కడ 36. పిల్ల పడుకున్న గిన్నెలో వేరే థర్మామీటరు పెడితే 32! వేడిగాలి పైకి పోతుందని ఏడో తరగతి పిల్లాడికీ తెలుసు. మొనని పిల్లల పక్కకి దించాను. పరవాలేదనిపించింది గానీ పూర్తిగా కాలేదు. మిగతా రెండింటికీ అదే 32లో అరిగింది కదా మరి?

తెల్లవారి మేతకి ప్రతి సిరంజిలోనూ థర్మామీటరు మొన ముంచి చూశాను. మొదటిదానికి 41. రెండోదానికి 37. ఆఖరిదాని వంతు వచ్చేసరికి 33. చిన్నది నెమ్మదిగా తాగుతుందని ఎప్పుడూ దాన్నే చివర పెట్టుకునేవాణ్ణి. మూడింటికీ కలిపి ఏడెనిమిది నిమిషాలు, నెత్తిన ఫ్యాను. అరచెంచా మేత చల్లారడానికి అంత టైం చాలా ఎక్కువ. ఇంకోటి కూడా కనబడింది. పల్చటి జావ కదపకుండా ఉంచితే పొడి అడుక్కి దిగుతుంది. మొదటి పిల్లకి పైనున్న నీళ్ళు, ఆఖరి పిల్లకి అడుగున ముద్ద. అంటే అందరికన్నా చిన్నదానికి, అందరికన్నా పల్చగా వెచ్చగా పెట్టాల్సినదానికి, అందరికన్నా చిక్కగా చల్లగా పెట్టాను, రోజుకి పన్నెండుసార్లు. ఇంత చిన్న సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళంతా పొడి మార్చమన్నారు, ఆ పొడి అమ్మేవాళ్ళు మరీనూ.

అప్పటినుంచి ఫ్యాను ఆపి, 45 డిగ్రీల నీళ్ళున్న పెద్ద గిన్నెలో మేత గిన్నె కూర్చోబెట్టాను. మేత 41 దాటితే బయటికి తీయడం. సిరంజిలు కూడా ఆ వేడినీళ్ళలోనే. ప్రతిసారీ కలిపి, అప్పుడు లాగి, చిన్నదానితో మొదలు. మిగిలింది పారబోయడమే, తరవాతి పూటకి దాచకూడదు. ఆ సాయంత్రానికి సంచి ఖాళీ. మర్నాడు 3.6, ఆ మర్నాడు 4.5. రోజులో ఒక్కసారైనా, తెల్లవారుజామున, సంచి పూర్తిగా ఖాళీ అవడం చూసుకోండి.

మిగతాది సులువే. పదో రోజుకి కళ్ళు విచ్చాయి. నడిమిదాని కాళ్ళు పన్నెండో రోజుకి రెండు పక్కలకీ జారిపోతుంటే, మైక్రోపోర్ టేపు సన్నగా కోసి రెండు కాళ్ళకీ మధ్య సెంటీమీటరు ఎడం ఉంచి కట్టాను. ఆరు రోజుల్లో సరైంది. తప్పు గిన్నెలో పరిచిన న్యూస్‌పేపరుది, నున్నటి కాగితం మీద కాలు నిలవదు. గరుకు గుడ్డ వేయండి. నెల నిండాక నేల మీద కొర్రలు చల్లి, నానబెట్టిన సజ్జలు, సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క పక్కన పెట్టాను. పగటి మేత ఒక్కొక్కటే తగ్గించి, రాత్రి మేత ఆఖరున మానిపించాలి. ముక్కుతో గింజని ఆడించడం వేరు, తినడం వేరు. పడుకునే ముందు సంచి తడిమితే గింజలు గరగరా తగలాలి.

కూర్మన్నపాలెంలో పెరిగినవి 35వ రోజున 34, 33 గ్రాములు ఉన్నాయట. నావి అదే వయసుకి 32, 31, చిన్నది 28. ఆ మూడు గ్రాములూ మూతకి వేలాడిన తీగవీ, తిరిగిన ఫ్యానువీ.

కుండ వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టి అటకెక్కించాను. ఆడపిట్టకి ఏడాది నిండేది ఉగాది దాటాక, అప్పుడు మన ఎండలు. వానలు పడేదాకా దించను.