బూట్లు: 850 రూపాయలు

6 డిసెంబరు 2025, శనివారం. గాజువాక.

రాత్రి పదకొండు దాటింది. తమ్ముడు పడుకున్నాడు. సోమవారం సెమినార్‌కి రాసుకున్నదంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఎందుకు కొట్టేశానో మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలి.

ఎంబీఏలో చేరినప్పటినుంచి నాన్న నా కోసమే పేపరు వేయిస్తున్నాడు. పొద్దున్న విప్పగానే మొదటి పేజీ నిండా విమానాల గొడవే. ఇండిగో నిన్న ఒక్కరోజులోనే వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. లోపలి పేజీలో రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, పావు శాతం తగ్గించి 5.25కి తెచ్చిందన్న వార్త ఉంది. మామూలు రోజైతే క్లాసులో అందరం దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఇవాళ ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

నేను మాత్రం విమానాల వార్త రెండుసార్లు చదివాను. పైలట్ల డ్యూటీ గంటల మీద కొత్త నిబంధనలు వచ్చాయి. వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గాయి. ఇవి రాత్రికి రాత్రి ఊడిపడినవి కావు. జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి అమల్లోకి వచ్చాయి. నిబంధనలు వస్తున్నాయని కంపెనీకి ముందే తెలుసు. అందుకు సరిపడా పైలట్లని సిద్ధం చేసుకోవడంలో మా అంచనా తప్పిందని వాళ్ళే ఒప్పుకున్నారు. చివరికి విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆ నిబంధనల్లో కొన్నిటిని వాళ్ళకి తాత్కాలికంగా సడలించింది. జనం ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు కాస్తుంటే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది, నిజమే. కానీ ఇరుకున పడగానే ముందుగా వదులు చేసింది మనిషి నిద్రనే అని పొద్దుటినుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

బస్సు షీలానగర్ దాటి ఎయిర్‌పోర్టు ముందు నుంచి వెళ్తుంటే అందరూ కిటికీల్లోంచి అటే చూశారు. నాకు మాత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఎడమ చేతి వైపు గోపాలపట్నం రోడ్డు కనిపించగానే వేరే సంగతి గుర్తొచ్చింది. 2020 మే 7. నాది అప్పుడే పదో తరగతి అయింది, లాక్‌డౌన్. తెల్లవారకముందే ఫోన్లు మొదలయ్యాయి. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వచ్చేస్తోందని, జనం పరిగెడుతూనే పడిపోతున్నారని. పన్నెండు మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో ఒక విషయం చదివాను. సైరన్ నొక్కడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటుందట. ఒక్కటీ మోగలేదు.

క్లాసులో మా గ్రూపుకిచ్చిన అంశం కంపెనీల సామాజిక బాధ్యత. సీఎస్‌ఆర్ అనే పిలుస్తాం. మా సార్ ముందు ఒక ప్రశ్న వేశారు: "రెండు శాతం, రెండు శాతం అంటారు కదా, దేంట్లో రెండు శాతం?" సగం మంది అమ్మకాల్లో అన్నారు. కాదు, గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, అంతకుమించి గానీ ఉన్న కంపెనీలకి వర్తిస్తుంది. ఇవి నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం దాకా నా సెమినార్ కూడా ఇదే. ఆ పైన ఒక పిరమిడ్ బొమ్మ. 1991లో అమెరికా ప్రొఫెసర్ ఆర్చీ కెరోల్ గీసింది. అడుగున లాభం సంపాదించడం, దాని మీద చట్టానికి లోబడటం, దాని మీద నీతి, చిట్టచివర దానం.

మా గ్రూపులో మిగతావాళ్ళు గూగుల్ గురించి పెడదామన్నారు. అక్టోబరులో ప్రకటించిన దగ్గర్నుంచి మా క్యాంపస్‌లో ఆ మాట లేని పూట లేదు. ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు, మన వైజాగ్‌లో. ఉద్యోగాల కోసం హైదరాబాదో బెంగళూరో పోకుండా అమ్మానాన్నల దగ్గరే ఉండొచ్చన్న ఆశ నాకూ ఉంది. కాకపోతే డేటా సెంటర్‌కి కరెంటు ఎంత కావాలి, చల్లబరచడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అన్న ప్రశ్నలు కూడా స్లైడ్‌లో ఉండాలన్నాను. ఒప్పుకున్నారు. అక్కడితో అది అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. నాన్నది పొద్దుటి 'ఎ' షిఫ్టు. అప్పటికే వచ్చి స్నానం చేసి గుమ్మంలో కూర్చుని తన బూటు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. కుడి కాలి బూటుకి మడమ దగ్గర సోల్ ఊడింది. పాత గాజువాకలో కుట్టించిన కుట్టు కూడా తెగింది. నాన్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు రిగ్గరు, అంటే క్రేను హుక్కుకి బరువులు తగిలించే పని. అదే గేటు, పదకొండేళ్ళు, నలుగురు కాంట్రాక్టర్లు మారారు. చేరినప్పుడు ఒక జత సేఫ్టీ బూట్లు ఇచ్చారు. అవి పోయాక అడిగితే ఇదిగో అదిగో అన్నారు. అప్పటినుంచి సొంతంగానే కొనుక్కుంటున్నాడు.

గోడకి తమ్ముడి కొత్త స్కూలు బ్యాగు వేలాడుతోంది. పోయిన నెల వాళ్ళ గవర్నమెంటు హైస్కూలుకి ఆ ఫ్యాక్టరీ వాళ్ళే వచ్చి పిల్లలందరికీ ఇచ్చారు. మంచి బ్యాగు. గట్టి గుడ్డ, వానకి తడవదు. నాన్నే ముచ్చటపడి, "మా కంపెనీదిరా," అని తమ్ముడి భుజానికి తగిలించాడు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. నా ఇంటర్ రెండేళ్ళూ సగం ఫీజు ఒక కంపెనీ ఫౌండేషన్ వాళ్ళే కట్టారు. అది లేకపోతే ఇవాళ ఈ క్లాసులో కూర్చునేదాన్ని కాదు. సీఎస్‌ఆర్ డబ్బు ఒక ఇంట్లో ఏం మారుస్తుందో పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన అవసరం నాకు లేదు.

కానీ ఆ బ్యాగూ ఈ బూటూ ఒకే గదిలో ఉన్నాయి.

వెంటనే సీఎస్‌ఆర్ నిబంధనలు తీసి చూశాను. సొంత ఉద్యోగుల కోసం మాత్రమే చేసే ఖర్చు సీఎస్‌ఆర్ కాదు. చట్టం ప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పని కూడా సీఎస్‌ఆర్ కాదు. ఇంతకుముందు ఈ లైన్లు చదివాను గానీ పరీక్షకి మాత్రమే చదివాను. ఇవాళ చదివితే న్యాయంగానే అనిపించింది. బూట్లు దానం లెక్కలో రాకూడదు. వస్తే ఇంకా అన్యాయం. పనిచేసేవాడి కాళ్ళు కాపాడటం అంతకంటే ముందు చెయ్యాల్సిన పని. మొన్న నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 114 చెప్పేది ఇదే: యజమాని సమకూర్చాల్సిన సామాను కోసం కార్మికుడి దగ్గర పైసా వసూలు చెయ్యకూడదు. నాన్న దగ్గర ఎవరూ వసూలు చెయ్యలేదు కూడా. ఇవ్వడం మానేశారు, అంతే.

మరి ఆ ఖర్చు ఎక్కడికి పోయింది? కంపెనీ వార్షిక నివేదికలో బ్యాగులు ఉంటాయి, ఫొటోలతో సహా. బూట్లు ఉండవు. అప్పుడు అమ్మ ఖర్చుల నోటుబుక్కు గుర్తొచ్చింది. పాలు, గ్యాసు, చీటీ, కరెంటు, తమ్ముడి ట్యూషను, అన్నీ రాస్తుంది. వెతికితే మార్చి నెలలో దొరికింది. "బూట్లు - 850." కింద "చీటీ వచ్చే నెల" అని రాసి ఉంది. అంటే ఆ నెల బూట్లు కొన్నందుకు చీటీ వాయిదా ఆగింది.

చాలాసేపు ఆ లైను చూస్తూ కూర్చున్నాను. చెయ్యాల్సిన ఖర్చు ఎగ్గొడితే ఆ ఖర్చు లేకుండా పోదు, ఇంకొకరి పద్దులోకి పోతుంది. పైలట్లకి ఇవ్వాల్సిన విశ్రాంతికి సరిపడా మనుషుల్ని ముందే చూసుకోకపోతే అది ప్రయాణికుల పద్దులో పడింది. వెంకటాపురంలో మోగని సైరన్ నిద్రపోతున్న వాళ్ళ పద్దులో పడింది. నాన్న బూట్లు అమ్మ పుస్తకంలో పడ్డాయి. మా సిలబస్‌లో ఈ పద్దు లేదు. పిరమిడ్ కొసన ఉన్న ముక్కకి మనం ఒక చట్టం, ఒక కమిటీ, ఒక శాతం పెట్టుకున్నాం. కింది అంతస్తులో పగులుందో లేదో చూసే స్లైడు మా గ్రూపు పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ కంపెనీల చేత ఏటా ఇప్పించే బాధ్యతల నివేదికలో (బీఆర్‌ఎస్‌ఆర్) కొంత ఉంటుంది, నిజమే. గాయాలెన్ని, మరణాలెన్ని అని అందులో చెప్పాలి, పర్మినెంటు కాని కార్మికుల్ని కూడా కలుపుకుని. కానీ అది స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలకే. నాన్న పనిచేసే కంపెనీ మార్కెట్లోనే లేదు.

అలాగని కంపెనీ అంటే ఇంతే అని రాయడం కూడా తప్పు. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వాళ్ళు 1912లోనే ఎనిమిది గంటల పని పెట్టారు. అప్పటికి దేశంలో అలా చెయ్యమని ఏ చట్టమూ అడగలేదు. ఇది సెమినార్‌లో చెప్పి తీరాలి.

నాన్న టీ తాగుతూ అడిగాడు. "ఏటమ్మా, ఆ ఇమానాల గొడవ సర్దుకుందా?" టీవీలో అప్పుడే టికెట్ల ధరలకి పరిమితి పెట్టారని చెప్తున్నారు. ఐదొందల కిలోమీటర్ల లోపైతే 7,500 రూపాయలు దాటకూడదట. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడుది మన పక్క శ్రీకాకుళమే కాబట్టి నాన్న ఆయన వార్తలు వదలడు. పైలట్ల విశ్రాంతి సంగతి చెప్పాను.

"మరి నిద్దరుండాల కదా," అన్నాడు. "డబుల్ డ్యూటీ చేసినోడికి మాకాడ క్రేను ఇవ్వరు. ఇవ్వకూడదు. నిద్దరకళ్ళకి హుక్కు ఎక్కడుందో తెల్దు. కింద నేనుంటాను కదమ్మా."

కింద నాన్న ఉంటాడు. ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు.

నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయని చెప్పాను. ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, నలభై దాటినవాళ్ళకి ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలి. నాన్నకి నలభై ఏడు. పదకొండేళ్ళలో చేతికొచ్చిన కాగితం గేట్ పాస్ ఒక్కటే. "నిజంగా సేస్తారా?" అని అడిగాడు. వెటకారం కాదు, నాకు తెలుస్తుందని నిజంగానే అడిగాడు. చెయ్యాలి నాన్నా అన్నాను. చేస్తారు అనడానికి నోరు రాలేదు.

సెక్షన్ 114 గురించి కూడా చెప్పాను. సేఫ్టీ ఆఫీసర్‌ని అడగొచ్చు కదా అన్నాను.

"సట్టం ఉందని తెలుసమ్మా. జనవరిలో గేట్ పాస్‌లు రెన్యువలు. అడిగినోడి పేరు లిస్టులో ఉండదు, అదీ తెలుసు."

లోపల్నుంచి అమ్మ వినే ఉంటుంది. "రేపు ఆదివారం, పాత గాజువాక ఎల్లి కొత్తవి తీసుకో," అంది. ఎంతవుతుందో ఎవరూ అనలేదు. అమ్మ నోటుబుక్కు ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

సెమినార్ మొదటి స్లైడ్‌లో ఈ బూటు ఫొటో, దాని పక్కన అమ్మ రాసిన లైను పెడతానని అడిగాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు వద్దు. కంపెనీ పేరూ వద్దమ్మా," అన్నాడు. సరే అన్నాను. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు.

ఫోన్ తీసేసరికి, "ఉండు ఉండు," అని లేచాడు. తడి గుడ్డ తెచ్చి రెండు బూట్లూ తుడిచాడు. ముందు భాగం మీద అంటుకున్న గ్రీజు మరక గోటితో గీకాడు. లేసులు సరిచేసి, గోడకి ఆనించి, ఊడిన సోల్ కనపడకుండా రెండిటినీ పక్కపక్కన పెట్టాడు.

"ఇప్పుడు తీయమ్మా," అన్నాడు.